తేలిక సరే, ఎక్కడ తేలిక?

ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, కొన్న ఏడాదిలోపే చాలామందికి ఒకే సందేహం వస్తుంది. బండి 14 కిలోలుంది, కొండ ఎక్కుతుంటే ఆయాసం వస్తోంది, ఏ భాగాలు మారిస్తే 12కి దిగుతుంది? ఆ వెనకే రెండో సందేహం: తేలికవి వేస్తే రాళ్ల మీద ఆగుతాయా, దారి మధ్యలో విరుగుతాయా? షాపులో అడిగితే ఖరీదైనది చూపిస్తారు. తోటి రైడర్‌ని అడిగితే తను వేసుకున్నదే మంచిదంటాడు. ఈ రెండు సందేహాలకూ కలిపి జవాబు వెతకాలి. విడివిడిగా వెతికితే డబ్బైనా పోతుంది, ఎముకైనా విరుగుతుంది.

సైకిళ్ల లోకంలో దీనికి ఒక పాత జవాబు ఉంది. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో ఫ్రేములు తయారుచేసి పేరు తెచ్చుకున్న కీత్ బాంట్రేగర్ మాటగా దాన్ని చెప్పుకుంటారు. గట్టిది, తేలికైనది, చవకైనది: మూడింట్లో ఏవైనా రెండే దొరుకుతాయని దాని సారం. నిజమే. కానీ అది ఒక్కో భాగానికి వర్తించే సంగతి. బండి మొత్తాన్ని ముందు పెట్టుకున్నప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ భాగం విరిగితే నాకేమవుతుంది?

కొన్ని భాగాలు విరిగితే మనిషిని పడేస్తాయి. కొన్ని విరిగితే ఇంటిదాకా నడిపిస్తాయి, అంతే. హ్యాండిల్‌బార్, స్టెమ్, ఫోర్కు, ముందు చక్రం, క్రాంకు, పెడల్, సీట్‌పోస్టు మొదటి జాతివి. క్యాసెట్, డీరైలర్, ట్యూబు, గేర్ల షిఫ్టర్ రెండో జాతివి. బరువు తగ్గించే పని రెండో జాతితో మొదలుపెట్టాలి. మొదటి జాతి జోలికి పోవాలంటే గట్టి కారణం ఉండాలి, ఆ భాగానికి తయారీదారు పెట్టిన హద్దు తెలిసి ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకో, ఎలాగో వివరంగా చూద్దాం.

అర కిలో తగ్గితే నిజంగా ఎంత లాభం?

మనిషి 75 కిలోలు, బండి 13, నీళ్లూ హెల్మెట్టూ బూట్లూ పనిముట్లూ కలిపి ఇంకో మూడు. మొత్తం 91 కిలోలు. తూర్పు కనుమల్లో ఎక్కడో 300 మీటర్ల ఎత్తు ఎక్కాలనుకోండి. బరువునీ, ఎత్తునీ, భూమి లాగే లాగుడునీ గుణిస్తే సుమారు 268 కిలోజౌళ్ల శక్తి కావాలి. బాగా అలవాటున్న కాళ్లు నిలకడగా 200 వాట్లు ఇస్తాయనుకుంటే, గాలినీ నేల రాపిడినీ పక్కన పెడితే, ఎక్కడానికి 22 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఇప్పుడు బండిలోంచి అర కిలో తీసేయండి. మిగిలేది ఏడు సెకన్లు. రెండు కిలోలు తీస్తే అర నిమిషం.

పోటీల్లో తొక్కేవాళ్లకి ఏడు సెకన్లంటే ఒక స్థానం, ఒక్కోసారి పతకం. సెలవు రోజున సరదాగా కొండెక్కేవాళ్లకి మాత్రం నీళ్లు తాగడానికి ఆగినప్పుడు ఖర్చయ్యే సమయం. ఈ తేడాని ముందే ఒప్పుకుంటే సగం డబ్బు మిగులుతుంది. ‘బండి బరువు దేనికి, నీ పొట్ట తగ్గించుకో’ అని కొందరంటారు. ఎక్కే లెక్క వరకు అది సరైనదే, కానీ అడిగినదానికి జవాబు కాదు. పొట్ట తగ్గినంత మాత్రాన బరువైన చక్రం రాయి మీద తేలిగ్గా లేవదు.

చక్రం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. తిరిగే భాగాల్లో ఒక గ్రాము మిగతాచోట్ల రెండు గ్రాములతో సమానం అంటారు. వేగం పెంచేటప్పుడు, రిమ్ము అంచునా టైరులోనూ ఉన్న బరువుకి అది దాదాపు నిజం. ఎందుకంటే ఆ బరువుని ముందుకి తోయాలి, తిప్పాలి కూడా. ఒకే వేగంతో మెల్లగా కొండెక్కేటప్పుడు మాత్రం గ్రాము గ్రామే, ఎక్కడున్నా ఒకటే. చక్రం తేలికగా ఉండాలనడానికి అంతకంటే మంచి కారణం వేరే ఉంది. రాయి తగలగానే చక్రం పైకి లేచి, వెంటనే మళ్లీ నేలని అందుకోవాలి. సస్పెన్షన్ కింద వేలాడే బరువు, అంటే టైరు, రిమ్ము, హబ్బు, రోటార్, వెనక క్యాసెట్, ఎంత తక్కువగా ఉంటే చక్రం అంత త్వరగా నేలకి దిగుతుంది, పట్టు దొరుకుతుంది. కాబట్టి ఫ్రేములో తీసిన వంద గ్రాముల కంటే వెనక హబ్బు దగ్గర తీసిన వంద గ్రాములు రాళ్లబాటలో ఎక్కువ తెలుస్తాయి.

దిగేటప్పుడు లెక్క ఎందుకు తిరగబడుతుంది?

ఎక్కడానికి పోసిన ఆ 268 కిలోజౌళ్లు ఎక్కడికీ పోవు. దిగేటప్పుడు అవన్నీ తిరిగి వస్తాయి. ఎక్కడానికి 22 నిమిషాలు పట్టిన దారిని ఐదు నిమిషాల్లో దిగితే సగటున దాదాపు 900 వాట్ల చొప్పున ఆ శక్తిని ఎవరో ఒకరు మింగాలి. గాలీ టైర్లూ కొంత తీసుకుంటాయి. నిటారు దారిలో మిగతాదంతా బ్రేకులదే. అంటే మీ కాళ్లు ఇచ్చినదానికి నాలుగు రెట్ల వేగంతో, రెండు పలచటి ఉక్కు రోటార్లు వేడిని మోయాలి. 160 మి.మీ. రోటార్ ఒకటి 110 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. 180కి మారితే ఇంకో పాతిక, ముప్ఫై గ్రాములు పెరుగుతాయి. ఆ గ్రాములు వేడిని పంచుకునే ఉక్కు, లివర్‌ని అంతే నొక్కినా బండిని ఇంకా గట్టిగా ఆపే వ్యాసం. నేనైతే వాటిని ఆనందంగా మోస్తాను.

ఎంటీబీ పుట్టుకలోనే ఈ వేడి కథ ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మెరిన్ కౌంటీ కొండల్లో 1976 అక్టోబరులో మొదలైన రీప్యాక్ పందెంలో పాత ష్విన్ సైకిళ్ల మీద, వెనక్కి తొక్కితే పడే బ్రేకుతో దిగేవారు. ఒక్కసారి దిగేసరికి హబ్బులోని గ్రీజు కాలి పొగై పోయేది. మళ్లీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపాల్సి వచ్చేది. పందేనికి ఆ పేరు అందుకే వచ్చింది. ఆ బళ్లు 20 కిలోల చుట్టూ ఉండేవి, అయినా వంగేవి, విరిగేవి. 1977లో ఆ పందెగాళ్లలో ఒకడైన జో బ్రీజ్ అదే పందెం కోసం క్రోమ్-మాలీ ఉక్కు గొట్టాలతో ఫ్రేము కట్టాడు. ఆ బండి బరువు 17 కిలోలు. బరువూ తగ్గింది, గట్టిదనమూ పెరిగింది. బరువుంటే బలం ఉన్నట్టే అన్న నమ్మకం మొదటి కొండ సైకిల్‌తోనే వీగిపోయింది.

వేడి తర్వాతది దెబ్బ. 60 సెంటీమీటర్ల రాయి మీదనుంచి బండి దూకిందనుకోండి. నేల తగిలాక చేతులు, మోకాళ్లు, ఫోర్కు కలిసి 30 సెంటీమీటర్ల మేర మెత్తగా లోపలికి తీసుకుంటే పడే సగటు బలం మొత్తం బరువుకి మూడు రెట్లు. చేతులూ కాళ్లూ బిగబట్టి పది సెంటీమీటర్లలోనే ఆపేస్తే ఏడు రెట్లు, అంటే మన లెక్కలో 600 కిలోలు దాటిన భారం. బండి అదే, దూకుడూ అంతే. భాగాల మీద పడే భారం మాత్రం రెట్టింపు దాటింది. నైపుణ్యమున్న రైడర్ తేలిక భాగాలతో ఏళ్ల తరబడి ఎలా నెట్టుకొస్తాడు, కొత్తవాడి దగ్గర అవే భాగాలు ఎందుకు త్వరగా పోతాయి అన్నదానికి ఇదే కారణం. మోకాళ్లు వంచి దిగడం నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు సున్నా. ఏ భాగం మార్చినా అంత గట్టిదనం పెరగదు.

మామూలు దారిలో ఎందుకు విరుగుతుంది?

విరిగిన హ్యాండిల్‌బార్ గురించి ఎవరినడిగినా ఒకటే ఆశ్చర్యం: ‘పెద్ద దెబ్బేమీ తగల్లేదు, చదును దారిలో పోతుంటే విరిగింది’. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరి వంపు చిన్నదైనా అక్కడే తెగుతుంది, ఇదీ అంతే. లోహం ఒక్క దెబ్బకి ఓడిపోకపోయినా, వేలసార్లు పడిన చిన్న భారాలకి అలిసిపోతుంది. ఎక్కడో ఒక గీత దగ్గర, కంటికి కనపడని పగులు మొదలై, ప్రతి కుదుపుకీ కొంచెం కొంచెం పాకుతుంది. మిగిలిన లోహం చాలనినాడు తెగిపోతుంది.

ఉక్కుకీ టైటానియానికీ ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. ఒక హద్దుకి లోపల ఉన్న భారాలు ఎన్నిసార్లు పడినా అవి ఆచరణలో అలిసిపోవు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. ఎంత చిన్న భారమైనా దాని ఆయుష్షులోంచి కొంచెం తీసుకుంటుంది. పైగా భారానికీ ఆయుష్షుకీ ఉన్న సంబంధం సరళరేఖలా ఉండదు. గోడ కొంచెం పలచబడి లోహంలో ఒత్తిడి పదో వంతు పెరిగితే, ఆయుష్షు అంతకు ఎన్నో రెట్లు పడిపోతుంది. కాబట్టి తేలికైన అల్యూమినియం బార్ కొన్ననాడు బలహీనంగా ఉంటుందని కాదు, దానికి ఎక్స్‌పైరీ దగ్గరగా ఉంటుంది. బార్‌కి స్టెమ్ బిగింపు అంచు, క్రాంకుకి పెడల్ బిగించే కన్ను, సీట్‌పోస్టుకి ఫ్రేములోంచి బయటికొచ్చే చోటు, ఫోర్కుకి స్టీరర్ గొట్టం మొదలయ్యే చోటు: పగుళ్లు వెతకాల్సింది ఈ చోట్లే.

1990ల మొదట్లో అమెరికాలోనూ యూరప్‌లోనూ చిన్న వర్క్‌షాపులు కంప్యూటర్ యంత్రాల మీద అల్యూమినియం దిమ్మెల్ని కోసి ఊదా, నీలి, ఎరుపు రంగుల్లో క్రాంకులు, బ్రేకు లివర్లు చేశాయి. చూడముచ్చటగా ఉండేవి. తూకంలో గెలిచేవి. వాటిలో చాలా విరిగాయి. కారణం రెండు చోట్ల ఉంది. సమ్మెట దెబ్బతో, అచ్చులో నొక్కి ఆకారం తెచ్చిన ఫోర్జింగ్‌లో లోహపు రేణువుల వరస భాగం ఆకారాన్నే అనుసరించి వంగుతుంది. దిమ్మెని కోసినప్పుడు ఆ వరస మధ్యలోనే తెగిపోతుంది. పైగా కోతలో మిగిలే పదునైన లోపలి మూలలు పగులుకి పుట్టిల్లు. ఇప్పటి పెద్ద కంపెనీల క్రాంకులు ఎక్కువగా ఫోర్జింగ్‌తో చేసినవే. కాబట్టి రెండు క్రాంకులు ఒకే బరువున్నా ఒకే గట్టిదనం ఉండనక్కర్లేదు. పెట్టె మీద గ్రాములు చదివే ముందు ఎలా చేశారో చదవండి.

కార్బన్ సంగతి వేరు. పోగులు నడిచే దిశలో అది ఉక్కుని మించిన బలం చూపిస్తుంది, అల్యూమినియంలా అలిసిపోదు. అయితే దాన్ని ఏ దిశలో లాగడానికి పేర్చారో ఆ దిశలోనే ఆ బలం. పక్కనుంచి రాయి కొట్టినా, బోల్టు అతిగా బిగించి నలిపినా లోపలి పొరలు విడిపోతాయి, పైకి రంగు చెక్కుచెదరదు. ఆ మీదట ఎప్పుడో హఠాత్తుగా విరుగుతుంది. మంచి కంపెనీ కార్బన్ బార్‌ని సరిగ్గా బిగించి వాడుకుంటే భయపడాల్సిన పనిలేదని నా అభిప్రాయం. పేరూ ఊరూ లేకుండా, నమ్మలేనంత చవగ్గా ఆన్‌లైన్లో దొరికే కార్బన్ బార్, స్టెమ్, సీట్‌పోస్టు మాత్రం ఎంత తేలికైనా వద్దు. వాటిని ఎవరు పరీక్షించారో మీకు చెప్పేవాళ్లు ఉండరు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

తేలికైనదే గట్టిగా ఉండే చోట్లు ఉంటాయా?

ఉంటాయి. డబ్బు పెట్టాల్సింది మొదట అక్కడే.

ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం సాంద్రత మూడో వంతు. వంగకుండా నిలబడే బిగువు కూడా మూడో వంతే. అంటే అదే కొలతల్లో లోహం మాత్రమే మారిస్తే లాభం ఏమీ లేదు, తగ్గిన బరువుకి తగ్గట్టే బిగువు తగ్గుతుంది. లాభమంతా గొట్టాన్ని లావు చేయడంలో ఉంది. గొట్టం వ్యాసం పదో వంతు పెంచి, బరువు పెరగకుండా గోడని ఆ మేరకు పలచన చేస్తే, వంపుని తట్టుకునే బలం పదో వంతు, బిగువు ఐదో వంతు పెరుగుతాయి. అల్యూమినియం ఫ్రేముల గొట్టాలు లావుగా ఉండటానికి కారణం ఇదే. దీనికీ ఒక హద్దుంది. గోడ మరీ పలచబడితే రాయి తగిలిన చోట సొట్ట పడుతుంది, ఆ సొట్ట దగ్గరే గొట్టం మడతపడుతుంది.

ఈ సూత్రాన్నే మీ బండి క్రాంకులో చూడవచ్చు. చవక బండ్లలో ఫ్రేము లోపల ఇరుక్కునే సన్నటి ఘన ఇరుసు, చతురస్రపు మొనలు ఉంటాయి. షిమానో 2003లో ఎక్స్‌టీఆర్ క్రాంకుతో తెచ్చిన పద్ధతిలో 24 మి.మీ. బోలు ఇరుసు, ఫ్రేముకి బయట బేరింగులు వచ్చాయి. బరువు తగ్గింది, బిగువు పెరిగింది, బేరింగులు దూరం జరిగి భారాన్ని బాగా పంచుకున్నాయి.

వెనక హబ్బులోనూ అంతే. మన దేశంలో అమ్ముడయ్యే మొదటిస్థాయి ఎంటీబీలు చాలావాటిలో గేర్ల పళ్లచక్రాన్ని హబ్బుకి మర తిప్పినట్టు తిప్పి బిగిస్తారు. ఆ పద్ధతిలో కుడిపక్క బేరింగు లోపలికి ఉండిపోతుంది. అక్కడినుంచి ఫ్రేము దాకా ఇరుసుకి ఆధారం ఉండదు. ఏడెనిమిది గేర్ల పొడవుకి, రాళ్ల మీద దూకితే, ఆ ఇరుసు వంగడమో విరగడమో ఖాయం. 1978లో షిమానో ప్రచారంలోకి తెచ్చిన ఫ్రీహబ్‌లో బేరింగు బయటి అంచుకి వస్తుంది, ఇరుసు ఆధారం లేని పొడవు తగ్గిపోతుంది. చవక ఎంటీబీతో కొండదారిలోకి దిగేవాళ్లకి నేను చెప్పే మొదటి మార్పు ఇదే: ఫ్రీహబ్ ఉన్న మంచి వెనక చక్రం. బరువు తగ్గుతుంది, గట్టిదనం పెరుగుతుంది.

ఆ చక్రం కట్టించేటప్పుడు మధ్యలో సన్నబడే స్పోకులు అడగండి. రెండు చివర్లా 2 మి.మీ., మధ్యలో 1.8 మి.మీ. ఉంటాయి. సన్నగా ఉన్న మధ్యభాగం కొంచెం సాగి దెబ్బని పంచుకుంటుంది, అందువల్ల విరిగే చోట్లు, అంటే హబ్బు దగ్గర వంపు, రిమ్ము దగ్గర మర, తక్కువ నలుగుతాయి. 32 స్పోకుల చక్రంలో 30 గ్రాముల పైచిలుకు తగ్గుతుంది, స్పోకు ఎక్కువ కాలం మన్నుతుంది. చక్రాల శాస్త్రం మీద జాబ్స్ట్ బ్రాండ్ట్ 1981లో రాసిన పుస్తకం దీన్ని వివరంగా చెప్పింది. అయితే ఎంత మంచి స్పోకైనా అన్నీ సమానంగా బిగిస్తేనే ఆ బలం. చక్రం బెండు తీయడంలో చెయ్యి తిరిగిన మెకానిక్ మీ ఊళ్లో ఉంటే ఆయన్ని వదులుకోకండి.

మరి గ్రాములు ఎక్కడ తీయాలి?

ముందువైపు రెండు మూడు పళ్లచక్రాలున్న బండి అయితే వాటిని ఒకటికి తగ్గించండి. ముందు డీరైలర్, దాని షిఫ్టర్, కేబుల్, అదనపు పళ్లచక్రాలు పోతే 300 గ్రాములకి తక్కువ కాకుండా దిగుతుంది. విరిగే భాగాలు కూడా తగ్గుతాయి. శ్రామ్ 2012లో ముందు ఒక్క పళ్లచక్రంతో, వెనక 11 గేర్లతో ఎంటీబీ సెట్ తెచ్చాక కొత్త బండ్ల నుంచి ముందు డీరైలర్ క్రమంగా మాయమైంది.

క్యాసెట్‌లో ధరకీ గ్రాములకీ సంబంధం బాగా కనిపిస్తుంది. షిమానో 12 గేర్ల 10-51 పళ్ల క్యాసెట్లు చూడండి. డియోర్ 590 గ్రాముల చుట్టూ ఉంటుంది, ఎస్ఎల్ఎక్స్ 530, ఎక్స్‌టీ 470, ఎక్స్‌టీఆర్ 370. నాలుగూ అదే పని చేస్తాయి, అదే ఫ్రీహబ్ మీద కూర్చుంటాయి. డియోర్‌లో దాదాపు ఉక్కే. పైకి పోయేకొద్దీ పెద్ద పళ్లచక్రాలు అల్యూమినియానికి, ఎక్స్‌టీఆర్‌లో మధ్యవి టైటానియానికి మారతాయి. ఉక్కు కంటే అవి త్వరగా అరుగుతాయి. దుమ్ములో, బురదలో తొక్కేవాళ్లకి ఆ అరుగుదల ఇంకా తొందర. క్యాసెట్ అరిగితే మనిషి పడడు, గేరు జారుతుంది, అంతే. కాబట్టి ఇక్కడ తేలికకి వెళ్లడంలో ప్రమాదం లేదు, ఉన్నది ఖర్చే. ధరల తేడాని గ్రాముల తేడాతో భాగించి చూసుకోండి. మధ్యలో ఉన్న ఎస్ఎల్ఎక్స్, ఎక్స్‌టీల దగ్గర ఆగిపోవడమే చాలామందికి తగిన పని. ఒక్క జాగ్రత్త: ఈ 12 గేర్ల క్యాసెట్లకి మైక్రో స్ప్లైన్ అనే ఫ్రీహబ్ కావాలి, పాత హబ్బు మీదికి రావు.

ఫోర్కు పడేసే జాతిది. అయినా చవక బండిలో దాన్ని మార్చడం రెండు విధాలా లాభం, ఎందుకంటే అక్కడ ఉన్నది బరువైనదీ బలహీనమైనదీ కూడా. ఉక్కు స్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోలు దాటుతుంది. మంచి ఎయిర్ ఫోర్కు ఒకటిన్నర, రెండు కిలోల మధ్య ఉంటుంది, పైగా గాలి మీ బరువుకి సరిపడా పెట్టుకోవచ్చు. అయితే ఫోర్కు కుంగే దూరం ఎక్కువుంటే మంచిదని 100 మి.మీ. ఫోర్కు కోసం చేసిన ఫ్రేముకి 140 మి.మీ.ది బిగించకండి. ఫోర్కు పొడవు పెరిగేకొద్దీ అది ఫ్రేము తలగొట్టాన్ని గునపంలా పెకలిస్తుంది, స్టీరింగు కోణం కూడా 20 మి.మీ.కి సుమారు ఒక డిగ్రీ చొప్పున వాలిపోతుంది. ఫ్రేము తయారీదారు రాసిన పొడవు దాటకండి. హబ్బు వెడల్పు, ఇరుసు రకం, స్టీరర్ గొట్టం ఆకారం కూడా సరిపోవాలి. ఇవన్నీ మార్చుకుంటూ పోతే చవక బండి మీద పెట్టిన ఖర్చు కొత్త బండి ధర దాటుతుంది. అలాంటప్పుడు భాగాలు మానేసి బండే మార్చడం నయం.

రోటార్ బోల్టులు టైటానియంవి వేస్తే రెండు చక్రాలకీ కలిపి పది, పన్నెండు గ్రాములు తగ్గుతాయి. కావాలంటే వేసుకోండి. స్టెమ్‌కీ బ్రేకు క్యాలిపర్‌కీ అల్యూమినియం బోల్టులు మాత్రం ఎప్పుడూ వేయకండి.

బరువు పెంచాల్సిన చోట్లు కూడా ఉన్నాయా?

టైర్ల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 29 అంగుళాల క్రాస్‌కంట్రీ టైరు 650 నుంచి 800 గ్రాములు, ట్రైల్ టైరు కిలో చుట్టూ, రెండు పొరల డౌన్‌హిల్ టైరు 1,300 దాటుతుంది. పలచటి టైరు తేలిక చూసి మురిసిపోయి, అది రాయి అంచున కోసుకుపోకూడదని గాలి గట్టిగా కొడతాం. గాలి ఎక్కువైతే పట్టు పోతుంది, బండి రాయి మీద ఎగురుతుంది, చివరికి రిమ్ము దెబ్బతింటుంది. టైరులో తగ్గించిన 200 గ్రాముల్ని రిమ్ము చెల్లిస్తుంది. హైదరాబాద్ చుట్టూ గ్రానైటు రాళ్ల బాటల్లో తొక్కేవాళ్లకి నా సలహా: ముందు చక్రానికి తేలికైనా పట్టున్న టైరు, వెనక చక్రానికి పక్కగోడ గట్టిగా ఉన్న టైరు. మన బరువు ఎక్కువ పడేది వెనక చక్రం మీదే.

ట్యూబ్‌లెస్ చేస్తే అందరూ అనుకున్నంత బరువు తగ్గదు. 29 అంగుళాల ట్యూబు 200 గ్రాముల పైన ఉంటుంది, దాని బదులు వంద మిల్లీలీటర్ల సీలెంట్, టేపు, వాల్వు వస్తాయి. మిగిలేది చక్రానికి వంద గ్రాముల లోపే. అసలు లాభం వేరే చోట ఉంది. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పడే జంట చిల్లు ఇక ఉండదు, గాలి తగ్గించి తొక్కొచ్చు, తుమ్మ ముల్లు దిగినా, పల్లేరు కాయ గుచ్చుకున్నా సీలెంట్ దారిలోనే పూడుస్తుంది. అమెరికా నైరుతి ఎడారి రాష్ట్రాల సైకిలిస్టుల్ని ఏడిపించేది కూడా ఈ పల్లేరే. మన ఎండలకి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది. వేసవిలో రెండు నెలలకోసారి వాల్వు విప్పి ఉందో లేదో చూసుకుని పోసుకోవాలి. నల్లరేగడి నేలల్లో వానాకాలం తొక్కేవాళ్లయితే టైరు మరీ వెడల్పుది వేయకండి. ఫ్రేముకీ టైరుకీ మధ్య సందు లేకపోతే కిలోలకొద్దీ మట్టి అంటుకుని చక్రమే తిరగదు. కొనుక్కున్న గ్రాముల తేలిక అక్కడ లెక్కకే రాదు.

సీటుని బటన్ నొక్కి కిందికి దించే డ్రాపర్ పోస్టు మామూలు పోస్టు కంటే 300 గ్రాములో అంతకంటే ఎక్కువో బరువు పెంచుతుంది. అయినా దిగేదారిలో అంత ధైర్యాన్నిచ్చే భాగం ఇంకొకటి లేదు. 2022 మార్చిలో మిలాన్–సాన్ రెమో రోడ్డు పందెంలో, గ్రాములు లెక్కపెట్టుకునే ఆ లోకంలో, మాతే మొహోరిచ్ డ్రాపర్ వేసుకుని చివరి దిగుడులో అందర్నీ వెనకేసి గెలిచాడు. రోడ్డు మీదే పనికొచ్చినది రాళ్లలో పనికిరాకపోదు.

మీ బండి హద్దు ఎలా తెలుస్తుంది?

చాలా ఫ్రేముల మీద చిన్న స్టిక్కర్, మాన్యువల్లో ఒక పేజీ ఉంటాయి, చదివేవాళ్లు తక్కువ. బండి ఏ వర్గానిదో అక్కడే ఉంటుంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ వర్గీకరణలో ఒకటో వర్గం చదును రోడ్డుకి. రెండో వర్గం 15 సెంటీమీటర్ల లోపు దూకుళ్లకి, మూడోది 61 సెంటీమీటర్ల లోపు, నాలుగోది 122 సెంటీమీటర్ల లోపు. ఐదోది అంతకు మించినవాటికి. మీ బండి మూడో వర్గానిదైతే ఐదో వర్గపు హ్యాండిల్‌బార్ వేసినా బండి మొత్తం మూడో వర్గమే. నాలుగో వర్గపు బండికి క్రాస్‌కంట్రీ బార్ వేస్తే మాత్రం బండి కిందికి దిగిపోతుంది. కొనే భాగానికి రైడర్ బరువు హద్దు ఉందేమో కూడా చూడాలి. టైటానియం ఇరుసున్న కొన్ని పెడళ్లకి అది 80, 90 కిలోల మధ్యే ఉంటుంది. బరువులో మీ సామాను కూడా కలుపుకోండి.

కొన్న భాగం గట్టిదనం బిగించే చేతిలో కూడా ఉంది. స్టెమ్ బోల్టులకి సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు చాలు, ఆ అంకె స్టెమ్ మీదే రాసి ఉంటుంది. చెయ్యి అంచనాతో బిగిస్తే దాదాపు అందరూ ఎక్కువే బిగిస్తారు. చిన్న టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కోండి. కార్బన్ బార్‌కి, పోస్టుకి గరుకు పేస్టు రాస్తే తక్కువ బిగింపుకే జారకుండా ఉంటాయి. తేలికైన కొత్త భాగం కోసం దాచిన డబ్బులోంచి ఈ రెండింటికీ ముందు తీయండి.

హ్యాండిల్‌బార్ మార్చి ఎన్నేళ్లయిందో గుర్తు లేకపోతే, ఈసారి బయల్దేరే ముందు స్టెమ్ మూత బోల్టులు విప్పండి. బార్‌ని శుభ్రంగా తుడిచి, పక్కనుంచి టార్చి వేసి, బిగింపు అంచు చుట్టూ గోరుతో తడమండి. గోరుకి గీత తగిలి, అది గీకుడో పగులో తేల్చుకోలేకపోతే ఆ బార్‌ని ఇక వాడకండి, ఎవరికీ ఇవ్వకండి కూడా. గట్టిగా పడినప్పుడు వంగిన బార్‌కీ ఇదే మాట. కొత్తది కొనేటప్పుడు మీ బరువుకీ మీ దారికీ తయారీదారు ఇచ్చిన హద్దుని ముందు చూడండి, గ్రాముల్ని ఆఖర్న చూడండి.